అయిదువందల్లో క్రిస్మస్ బల్ల – జార్జిటౌన్ వీధుల్లో ఒక పూట

డిసెంబరు నెల వచ్చిందంటే చాలు, చెన్నైలోని పెద్ద దుకాణాల ముందు నక్షత్రాలు వేలాడతాయి. అద్దాల వెనుక క్రిస్మస్ చెట్లు తళతళలాడతాయి. చూడడానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. లోపలికి వెళ్ళి భోజనాల బల్లను అలంకరించే సామాను ధర అడిగితే మాత్రం మధ్యతరగతి వారి ఉత్సాహం సగం చల్లబడుతుంది. బల్ల మధ్యలో పెట్టే ప్లాస్టిక్ పూలగుత్తి ఒక్కదానికి అయ్యే ఖర్చుతో ఇంటిల్లిపాదికీ ఒక పూట కోడికూర వస్తుంది.

అంతమాత్రాన పండుగనాడు బల్ల బోసిగా ఉండనక్కరలేదు. చెన్నపట్నంలో జార్జిటౌన్ అనే పేట ఒకటి ఉంది. ఊరంతటికీ సరుకు పంచే పాత బజారు అది. దానిని తెలిసినవారు చేతిలో అయిదువందల రూపాయలతో వెళ్ళి, పన్నెండుమంది కూర్చునే బల్లకు కావలసినదంతా తెచ్చుకోవచ్చు. మొన్నటి క్రిస్మస్‌కు మేము చేసింది అదే. ఆ వీధుల సంగతి, ఆ బల్ల సంగతి మన పత్రిక పాఠకులకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

జార్జిటౌన్ మన తెలుగువారికి పరాయి చోటు కాదు. లింగిచెట్టి, తంబుచెట్టి, గోవిందప్ప నాయకన్ అంటూ అక్కడి వీధులకు అలనాటి పెద్దమనుషుల పేర్లే ఉన్నాయి. కొత్వాల్ చావిడిలో మన ఆర్యవైశ్యుల కన్యకాపరమేశ్వరి దేవస్థానం ఉంది. పూర్వం బ్రాడ్వే అని పిలిచిన పెద్ద వీధికి ఇప్పటి పేరు ప్రకాశం శాలై. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ బహిష్కరణ నాడు ఆ దాపున పారిస్ కార్నర్ దగ్గర తుపాకుల ముందు గుండె చూపి నిలిచిన మన టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరే అది. బస్సు కండక్టర్లు మాత్రం నేటికీ బ్రాడ్వే అనే కేకవేస్తారు.

ఎందుకు బయలుదేరామంటే

మా అత్తవారిది నెల్లూరు జిల్లా. మా మామగారి తండ్రి పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఇప్పుడు మావి నాలుగు కుటుంబాలు. పెరంబూరులో ఒకరు, చూళైలో ఒకరు, అయనావరంలో ఇద్దరు. క్రిస్మస్ నాడు ఆరాధన ముగిశాక అందరం ఒకరి ఇంట్లో చేరి భోంచేయడం మామగారి కాలం నుండి వస్తున్న వాడుక. ఏటికొక ఇంటి వంతు.

మొన్నటి ఏడు వంతు మా చిన్న మరిదిది. ఆగస్టులో అతని ఉద్యోగం పోయింది. పనిచేసే కంపెనీవారు సగం మందిని మాన్పించారు. పిల్లలిద్దరూ చదువుకుంటున్నారు. నవంబరు చివర ఒకనాటి సాయంత్రం ఇంటికి వచ్చి, కాఫీ కూడా ముట్టుకోకుండా, ‘వదినా, ఈ ఏడాది మా వంతు దాటేద్దాం. వచ్చే ఏడు మేమే రెండింతలుగా పెడతాం’ అన్నాడు.

దాటేయడం సులభమే. కానీ ఒక ఇంటి వంతు డబ్బు లేదని దాటిపోతే ఆ లోటు ఆ ఒక్క ఏడాదితో తీరదు. ఆ ఇంటి పిల్లలు పెద్దవాళ్ళయ్యాక కూడా ఆ క్రిస్మస్‌ను గుర్తుంచుకుంటారు. ముప్పై ఏళ్ళు బ్యాంకులో పనిచేసిన నాకు తోచిన మార్గం ఒక్కటే. కాగితం తీసుకుని పద్దులు వేశాను. వంట నాలుగిళ్ళకూ సమానంగా పంచాం. బిర్యానీ ఒకరిది, కూరలు ఒకరివి, కేకూ గులాబీపువ్వులూ ఒకరివి, ఇల్లూ అన్నమూ పెరుగూ మరిది వాళ్ళవి. ఇక బల్ల అలంకరణకు అయిదువందలు దాటరాదు అని ఒక నియమం పెట్టాం. అది ఆ ఇంటికి మాత్రమే పెట్టిన నియమం కాదు. ఇకమీదట ఎవరి ఇంట్లో జరిగినా అంతే. దుబాయిలో కొడుకున్న ఇంటికైనా అంతే. ఈ మాట అన్నాక మరిది కాఫీ తాగాడు.

దారి, వేళ

జార్జిటౌన్‌కు ఇప్పుడు ప్రయాణం సుఖంగా ఉంది. 2019 ఫిబ్రవరిలో మెట్రో రైలు ఆ వైపు నడవడం మొదలుపెట్టాక, హైకోర్టు స్టేషనులో దిగి మెట్లెక్కితే పేట గుమ్మంలో ఉన్నట్టే. ఆదివారం వెళ్ళకండి, టోకు దుకాణాలు ఎక్కువ భాగం మూసి ఉంటాయి. మామూలు రోజున పదిన్నరకు చేరితే దుకాణాలు అప్పుడే తెరిచి ఉంటాయి, జనం ఇంకా పలుచగా ఉంటారు. పన్నెండు దాటితే తోపుడుబండ్ల మధ్య మనిషి నడవడమే కష్టం. సంచి గుడ్డది తీసుకెళ్ళండి. చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి. నేను, మా తోడికోడలు, ఆవిడ కూతురు, ముగ్గురం వెళ్ళాం. ఆ పిల్లకు పన్నెండేళ్ళు. పేట చూడడం అదే మొదటిసారి.

అర్మీనియన్ స్ట్రీటులో కాసేపు

కొనుగోలు మొదలుపెట్టక ముందే పిల్లకు ఒకటి చూపించాలని అర్మీనియన్ స్ట్రీటులోకి తిప్పాను. బయట లారీల హారన్లు, కూలీల కేకలు. ఆ తెల్లటి గోడ లోపలికి అడుగుపెడితే గన్నేరు చెట్లు, రాతి సమాధులు, నిశ్శబ్దం. 1772లో తిరిగి కట్టిన అర్మీనియన్ చర్చి అది. పశ్చిమాసియా నుండి పట్టు, రత్నాల వ్యాపారానికి వచ్చిన అర్మీనియన్లు ఒకప్పుడు ఈ వీధిలో సంసారాలు చేశారు. వారికి క్రిస్మస్ జనవరి 6న.

ఆ ఆవరణలోనే హరుత్యున్ ష్మవోనియన్ అనే ఫాదరీగారి సమాధి ఉంది. ఆయన 1794లో ఈ మద్రాసులో ‘అజ్దరార్’ అనే పత్రికను అచ్చువేశాడు. ప్రపంచం మొత్తం మీద అర్మీనియన్ భాషలో వెలువడిన మొదటి పత్రిక అదే. సొంత దేశంలో కాదు, ఇన్ని వేల మైళ్ళ దూరాన, గుప్పెడుమంది కోసం. రెండేళ్ళు నిండకుండానే ఆగిపోయింది. ఇప్పుడు చెన్నైలో అర్మీనియన్లు దాదాపు లేరు. గుడీ సమాధిరాళ్ళ మీది అక్షరాలూ మిగిలాయి.

పిల్ల ఆ రాళ్ళ మీది లిపిని వేలితో తడుముతూ, ‘పెద్దమ్మా, ఇవి చదివేవాళ్ళు ఎవరూ లేరా?’ అని అడిగింది. ఉన్నారమ్మా, వాళ్ళ దేశంలో ఉన్నారు, ఈ ఊళ్ళోనే లేరు అన్నాను. ఆ ప్రశ్న నాతోపాటే వీధి వీధీ తిరిగింది.

అదే పేటకు మన అక్షరాలతోనూ సంబంధం ఉంది. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ ఫాదరీ 1728లో మద్రాసులో మిషన్ పని మొదలుపెట్టి, ఇక్కడే తెలుగు నేర్చుకుని, తెలుగుకు వ్యాకరణం రాశాడు. తిరిగి వెళ్ళాక జర్మనీలోని హాలే నగరంలో తెలుగు లిపి పోతపోయించి 1746–47 ప్రాంతంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. అచ్చయిన తొలి తెలుగు పుస్తకాలుగా వాటినే చెబుతారు. చెన్నపట్నంలో నేర్చిన తెలుగే ఆ అచ్చుకు మూలం.

ఆండర్సన్ స్ట్రీటు – కాగితం

ప్రకాశం శాలై దాటి ఆండర్సన్ స్ట్రీటుకు వస్తే వీధి వీధంతా కాగితమే. పెళ్ళి శుభలేఖలు, కవర్లు, నోటు పుస్తకాలు, అట్టలు. కొత్త కాగితం వాసన వీధి మొదట్లోనే తగులుతుంది. చిన్నచిన్న సందుల్లో కటింగ్ మిషన్లు ధనధనమని కొడుతుంటాయి. తలమీద కాగితపు రీములు పెట్టుకున్న కూలీలకు దారి ఇస్తూ నడవాలి.

ఇక్కడ తెలుసుకోవలసిన కిటుకు ఒకటుంది. శుభలేఖలు కోయగా మిగిలే అంచులు మంచి దళసరి అట్టముక్కలు. పసుపు, మీగడ రంగు, ముదురు ఎరుపు, కొన్నింటి మీద బంగారు గీత కూడా ఉంటుంది. దుకాణదారుకు అవి చెత్త, మనకు సరుకు. అడిగితే ఒక కట్ట నలభై రూపాయలకు ఇచ్చారు. బంగారు రంగు కాగితం ఎ4 కొలతకు కోసినవి ఆరు తీసుకున్నాం. యాభై రూపాయలు. జిగురు, ఎర్రదారం ముప్పై.

ఆ ఆరు కాగితాలతో పన్నెండు నక్షత్రాలు చేయవచ్చు. చేసే పద్ధతి చాలా తేలిక. కాగితాన్ని పొడవునా రెండుగా కోయండి. ముప్పై సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల వెడల్పు గల రెండు పట్టీలు వస్తాయి. ఒక పట్టీని ఒక చివర నుండి సెంటీమీటరు మడతలుగా, ముందుకొకటి వెనక్కొకటి, విసనకర్ర మడిచినట్టు మడవండి. మడతల కట్టను సరిగ్గా నడుమ దారంతో బిగించండి. రెండు కొసలనూ ఏటవాలుగా కత్తిరించండి, అవే నక్షత్రపు మొనలు. ఇక రెండు వైపులా విప్పి, ఎదురెదురుగా వచ్చే అంచులను జిగురుతో అంటిస్తే అరచేయంత నక్షత్రం తయారవుతుంది. ఆరేళ్ళ పిల్లవాడు కూడా రెండోదానికల్లా చేయి తిరిగి చేసేస్తాడు. కత్తెర పని మాత్రం పెద్దవాళ్ళది.

మనం ఇళ్ళ ముందు కట్టే పెద్ద కాగితపు నక్షత్రానికీ ఇలాంటి పుట్టుకే ఉంది. జర్మనీలో మొరావియన్ సంఘంవారి బడిలో 1830ల నాడు పిల్లలకు క్షేత్రగణితం నేర్పడానికి కాగితంతో నక్షత్రం చేయించారట. లెక్కల పాఠం పండుగ అలంకారమై దేశదేశాలకూ పాకింది. కామర్సు చదివినదాన్ని, ఈ సంగతి నాకు ప్రత్యేకంగా నచ్చింది.

గోడౌన్ స్ట్రీటు – గుడ్డ

గోడౌన్ స్ట్రీటు బట్టల టోకు వీధి. తానులు తానులుగా అమ్మేవారే ఎక్కువగానీ, ముక్కలు అమ్మే దుకాణాలూ ఉన్నాయి. బల్లమీద పరిచే గుడ్డ కోసం మేము వెదకలేదు. దానికి ఇంట్లోనే ఉపాయం ఉంది. నాలుగు గజాల తెల్లపంచె పొడవు సుమారు మూడు మీటర్ల అరవై సెంటీమీటర్లు, వెడల్పు మీటరుంపావు. రెండు బల్లలు కలిపి వేస్తే మా బల్ల పొడవు పది అడుగులు, వెడల్పు మూడడుగులు. పంచె పరిస్తే రెండు కొసలా దాదాపు అడుగు, పక్కలకు అరడుగు జారుతుంది. జరీ అంచు బల్ల చుట్టూ కనబడుతుంది. దీనికంటే మంచి టేబుల్‌క్లాత్ ఏ దుకాణంలో దొరుకుతుంది? మేము పరిచింది మా మామగారి పెట్టెలోని పంచె. గంజిపెట్టి ఇస్త్రీ చేయించాం.

కొన్నది మధ్యలో పరిచే ఎర్ర పట్టీ ఒక్కటే. ముప్పైయారు అంగుళాల పన్నా గల ఎర్రని నూలుగుడ్డ ఒక మీటరు. తొంభై రూపాయలు. దాన్ని నిలువునా మూడు పట్టీలుగా చింపి, కొసలు కలిపి కుడితే అడుగు వెడల్పున దాదాపు మూడు మీటర్ల పట్టీ వస్తుంది. మూడు మీటర్ల గుడ్డ కొనవలసిన పనిని ఒక మీటరు చేసింది. మా తోడికోడలు ఈ లెక్క వేసి చెబుతుంటే దుకాణదారు నవ్వి కత్తెర అందుకున్నాడు.

పక్క సందుల్లో కాశీచెట్టి వీధి ఉంది. చైనా సామాను, ఫ్యాన్సీ వస్తువులు, రంగుదీపాల మాలలు. పిల్ల కాళ్ళు అక్కడ ఆగిపోయాయి. ఆగవలసినవే, వయసు అటువంటిది. చూడు, చూడడానికి ఖర్చు లేదు అన్నాను. పావుగంట చూసి, ‘ఇవన్నీ అందరిళ్ళలోనూ ఒకేలా ఉంటాయి పెద్దమ్మా’ అని తనే బయటికి నడిచింది.

తమిళనాడులో 2019 జనవరి 1 నుండి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సామాను మీద నిషేధం ఉందని గుర్తుంచుకోవాలి. భోజనాల బల్లమీద పరిచే ప్లాస్టిక్ షీటు, ప్లాస్టిక్ పళ్ళాలు, థర్మోకోల్ కప్పులు ఆ జాబితాలో ఉన్నవే. కనుక పంచె, అరటాకు, స్టీలు గ్లాసు పొదుపూ అవుతాయి, చట్టమూ చెల్లుతుంది.

రాసప్ప చెట్టి వీధి – సుగంధాలు

పార్క్‌టౌన్ వైపు నడిస్తే రాసప్ప చెట్టి వీధి. నాటుమందుల దుకాణాలకు పేరుపొందిన చోటు. వేళ్ళు, బెరళ్ళు, ఎండు పూలు, కాయలు గోనెసంచుల్లో నోళ్ళు విప్పి ఉంటాయి. శొంఠి, పిప్పళ్ళు, వట్టివేరు కలిసిన వాసన. మా అమ్మ బాలింతగా ఉన్నప్పుడు కాయం సామాను ఇక్కడి నుండే వచ్చేదని చెప్పేది.

ఇక్కడ మాకు కావలసింది అనాసపువ్వు. బిర్యానీలో వేసే అనాసపువ్వును ఎప్పుడైనా తీరిగ్గా చూశారా? ఎనిమిది రేకుల చక్కని నక్షత్రం. ఏ కంసాలీ చెక్కనక్కరలేదు. యాభై గ్రాములు డెబ్బైయైదు రూపాయలు, దాల్చినచెక్క యాభై గ్రాములు ముప్పై. రెండు దాల్చిన ముక్కలు జతచేసి ఎర్రదారంతో కట్టి, ముడి మీద ఒక అనాసపువ్వును అంటించకుండా దారంతోనే బిగించాలి. ఒక్కొక్క విస్తరి పక్కన ఒకటి. బల్ల దగ్గర కూర్చోగానే కమ్మని వాసన. జిగురు వాడలేదు గనుక పండుగ అయ్యాక దారం విప్పి మసాలా డబ్బాలో వేసుకోవచ్చు. అలంకరణ ఖర్చు తిరిగి వంటింటికి జమ అయ్యే పద్దు ఇది ఒక్కటే!

అక్కడి నుండి సెంట్రల్ స్టేషను దగ్గరే. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఇల్లు చేరాం.

పచ్చదనం, దీపం

క్రిస్మస్‌కు మంచుదేశాల ఫర్ చెట్టు కావాలనేది మనకు అనవసరమైన పట్టుదల. మన తీరంలో సరుగుడు ఉంది. తమిళంలో సవుక్కు అంటారు. 19వ శతాబ్దంలో మద్రాసుకు వంటచెరకు కోసం, రైలింజన్ల కోసం తీరం వెంబడి ఈ తోటలు పెంచారు. ఆ చెట్టు కొమ్మలే ఎన్నో తరాలుగా ఇక్కడి ఇళ్ళలో క్రిస్మస్ చెట్టు. సన్నని దారాల్లాంటి ఆకు, చిట్టిచిట్టి కాయలు. మా పేట పూలమ్మి యాభై రూపాయలకు రెండు చేతులనిండా తెచ్చి ఇచ్చింది. వాటిని ఒక రాత్రి బకెట్టు నీళ్ళలో ఉంచి, ఉదయం ఎర్రపట్టీ మీద పొడవునా పరిచి, నడుమ నడుమ చామంతులు గుచ్చాం. డిసెంబరు చామంతుల కాలం. కానీ ధనుర్మాసం, క్రిస్మస్, వైకుంఠ ఏకాదశి దగ్గరదగ్గరగా వస్తాయి గనుక పండుగ ముందురోజు ధర మండుతుంది. రెండు రోజుల ముందే పావుకిలో కొని తడిగుడ్డలో చుట్టి ఉంచుకోండి. మాకు అరవై పడింది.

నాలుగు కొవ్వొత్తులు నలభై రూపాయలు. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలకు గుర్తుగా నాలుగు. ఈ ఆచారం కూడా పేదరికంలో పుట్టినదే. 1839లో హాంబర్గు నగరంలో అనాథ బాలుర ఆశ్రమం నడిపే విఖెర్న్ అనే బోధకుడు, క్రిస్మస్ ఎప్పుడు, ఎప్పుడు అని విసిగించే పిల్లలకు రోజులు లెక్కపెట్టి చూపడానికి ఒక బండిచక్రానికి కొవ్వొత్తులు గుచ్చాడట. వస్తువు లేదని ఆయన ఆగలేదు, బండిచక్రంతో సరిపెట్టాడు.

దీపం దగ్గర జాగ్రత్త ముఖ్యం. ఎండిన సరుగుడాకు అగ్గిపుల్లలా అంటుకుంటుంది. కొవ్వొత్తిని వెడల్పు మూతిగల జామ్ సీసాలో అంగుళం మందాన ఇసుక పోసి నిలబెట్టండి. సీసా చుట్టూ జానెడు మేర ఆకు లేకుండా చూడండి. భోజనానికి ముందు ప్రార్థన ముగిశాక ఆర్పేయండి. ఇంకొక మాట. బల్ల మధ్యన ఏది పెట్టినా కూర్చున్నవారి గడ్డం ఎత్తును మించకూడదు. ఎదుటివారి ముఖం కనబడనివ్వని అలంకారం ఎంత ఖరీదైనదైనా దండుగ.

పొడుగాటి స్టీలు గ్లాసుల మీద గులాబీపువ్వులు ఒకదానిమీద ఒకటి పేర్చి రెండు కొసలా పెట్టాం. అచ్చుతో నూనెలో వేసే ఆ పిండివంటే ఒక అలంకారం. భోజనాలయ్యేసరికి అవి సగం కరిగిపోయాయి, అదీ అనుకున్నదే.

పేర్ల చీటీలు

ఇక అసలు సంగతి. శుభలేఖల అట్టముక్కలు ఎందుకు కొన్నామో చెప్పలేదు గదా. ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పు, పది పొడవుగా కోసి నడుమకు మడిస్తే గుడారంలా నిలబడుతుంది. దాని మీద కూర్చోవలసినవారి పేరు రాసి విస్తరి ముందు పెట్టాలి. ఏటా పెట్టేవే. ఏటా ఇంగ్లీషులో రాసేవే.

అర్మీనియన్ సమాధుల దగ్గర పిల్ల అడిగిన ప్రశ్న నాలో మెదులుతూ ఉంది. ఈసారి పేర్లు తెలుగులో రాద్దాం, పిల్లలే రాయాలి అన్నాను. నలుగురు పిల్లలు. అందరికీ ఇంట్లో మాట తెలుగే, అక్షరం మాత్రం తెలియదు. బడిలో తమిళం, ఇంగ్లీషు. 2006లో తమిళనాడు ప్రభుత్వం చట్టం చేసి ఒకటో తరగతి నుండి తమిళం తప్పనిసరి చేసింది. ఉన్న రాష్ట్రం భాష నేర్చుకోవడం మంచిదే, అవసరమే. మన భాషకు బడిలో చోటు తగ్గినప్పుడు ఇంట్లో ఎంత చోటు ఇచ్చామన్నది మనం చూసుకోవలసిన లెక్క.

మరిది పలక తెచ్చి పిల్లల ముందు కూర్చున్నాడు. ఉద్యోగం పోయినప్పటి నుండి మనుషుల్లో పడకుండా ఉన్నవాడు, ఆ మూడు సాయంత్రాలూ మాస్టారయ్యాడు. అతనికి దస్తూరీ చక్కగా ఉంటుంది. పన్నెండు పేర్లే గనుక అక్షరమాల మొత్తం అక్కరలేదు. ఆ పేర్లలో వచ్చే అక్షరాలు చాలు. పిల్లలకు ఒత్తులు బొమ్మల్లా అనిపించాయి. అసలు ఇబ్బంది వేరేచోట వచ్చింది. తమిళంలో ప, బ రెండింటికీ ఒక్కటే అక్షరం గదా. చిన్నవాడు ‘బాబు మామయ్య’ చీటీ మీద ‘పాపు మామయ్య’ అని రాశాడు. ‘క ఒక్కటి చాలదా చిన్నాన్నా, ఇన్ని ఎందుకు?’ అని పెద్దవాడి వాదన. మరిది క, ఖ, గ, ఘ నాలుగూ పలికి, గొంతు మీద చేయి పెట్టించి చూపించాడు. ఇల్లంతా ఒకటే నవ్వులు.

మా అత్తగారి అక్కగారికి ఎనభైనాలుగేళ్ళు. పెద్దత్తగారు అంటాం. ఆవిడ చిన్నతనంలో నెల్లూరు దగ్గర పల్లెలో మిషన్ బడిలో అయిదో తరగతి వరకు చదివారు. తెలుగు బైబిలు ఇప్పటికీ రోజూ చదువుతారు. ఇంగ్లీషు, తమిళం చదవలేరు. క్రిస్మస్ నాడు అందరూ బల్ల దగ్గరికి వస్తున్నారు. పిల్లలు ఎప్పటిలాగే ఆవిడ చేయి పట్టుకుని చోటు చూపించబోయారు. ఆవిడ ఆగి, కళ్ళద్దాలు సర్దుకుని, మొదటి చీటీ నుండి ఒక్కొక్కటే పైకి చదువుతూ బల్ల చుట్టూ నడిచారు. తన పేరు వచ్చినచోట, ‘ఇదిగో, నా చోటు ఇక్కడ’ అని తనే కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఇన్నేళ్ళుగా ఆ బల్ల దగ్గర తన పేరును తను చదువుకోవడం ఆవిడకు అదే మొదటిసారని మాలో ఎవరికీ అంతవరకు తట్టలేదు.

భోజనాలయ్యాక ఆవిడ తన చీటీని బైబిలులో పెట్టుకున్నారు. అది చూసి మిగతావారూ తమ చీటీలు తీసుకున్నారు. అయనావరం నుండి వచ్చిన మా ఆడపడుచు, ‘వదినా, వచ్చే ఏడు మా ఇంట్లో. పలక కూడా మాకే పంపించండి’ అంది. బల్లకు ఎంత ఖర్చయిందని అడిగినవారు ఒక్కరూ లేరు.

జమాఖర్చు

అడగకపోయినా లెక్క చెప్పడం నా వృత్తిధర్మం. ఎర్రగుడ్డ 90, బంగారు కాగితం 50, అట్టముక్కలు 40, జిగురు దారం 30, అనాసపువ్వు 75, దాల్చినచెక్క 30, కొవ్వొత్తులు 40, చామంతులు 60, సరుగుడు 50. వెరసి 465 రూపాయలు. మిగులు 35. పంచె, సీసాలు, ఇసుక, గ్లాసులు ఇంట్లోవి. పన్నెండుమందికి పంచితే తలకు నలభై రూపాయలు కూడా కాలేదు. మిగిలిన ముప్పైయైదు రూపాయలకు మరిది పిల్లలకు ఒక తెలుగు వాచకం, తక్కువైన డబ్బు తను వేసి కొన్నాడు. జనవరిలో అతనికి మరోచోట పని దొరికింది, పూర్వంకన్నా జీతం కొంచెం తక్కువ. సాయంత్రాలు పలక పని మాత్రం ఆదివారాలకు మారి ఇప్పటికీ నడుస్తోంది.

మీరు బెంగళూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, షోలాపూరులో ఉన్నా, యానాంలో ఉన్నా మీ ఊరికీ ఒక పాత బజారు ఉండే ఉంటుంది. కాగితాల వీధి ఒకటి, గుడ్డల వీధి ఒకటి, పచారీ సామాను వీధి ఒకటి. ఈ డిసెంబరులో పిల్లలను వెంటబెట్టుకుని ఒక పూట తిరిగి రండి. క్రిస్మస్ చేసుకునే వారికే కాదు, సంక్రాంతికి, ఉగాదికి, ఇంట్లో పుట్టినరోజుకూ ఇదే పద్ధతి పనికివస్తుంది. నక్షత్రాలు మీకు నచ్చిన రంగులో చేసుకోండి. పేర్ల చీటీలు మాత్రం తెలుగులో, పిల్లల చేత రాయించండి. అక్షరం వంకర పోయినా దిద్దకండి, అలాగే పెట్టండి. మా బల్ల మీద ‘పాపు మామయ్య’ చీటీ అలాగే ఉండనిచ్చాం. ఆయన దాన్ని ఇంటి బీరువా అద్దానికి అంటించుకున్నారు.